పది వర్గమూలం గారికి ఒక ఎకరం రైతు లేఖ

మహారాజశ్రీ పది వర్గమూలం గారికి, కోనసీమలో ఒక ఎకరం వరిచేను గల రైతు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఎంత దూరం వెళ్లినా ఆగని, ఏ వరసా మళ్లీ మళ్లీ తిరిగి రాని మీ దశాంశాలన్నీ క్షేమమని తలుస్తాను.

మొన్న అన్నయ్యా నేనూ పొలం పంచుకున్నప్పుడు నా వాటా నలుచదరంగా ఒక ఎకరం ఉండాలని పెద్దలు తీర్మానించారు. ఎకరమంటే నూరు సెంట్లు, 43,560 చదరపు అడుగులు. సర్వే గొలుసు పొడవు 66 అడుగులు కనుక సరిగ్గా పది చదరపు గొలుసులు. ఇంగ్లండులో 1620లో ఆ గొలుసును నూరు లింకులుగా ఏర్పరచిన గంటర్ గారు లెక్క సులువుగా తేలడానికే ఆ పదిని కుదిర్చారు. తీరా నా చదరానికి భుజం ఎన్ని గొలుసులని చూస్తే అక్కడ తమరు కూర్చుని ఉన్నారు.

కొలిచిన సర్వేయరు గారు భుజం 208.71 అడుగులని వేశారు. వర్గం చేస్తే 43,559.86 వచ్చింది, అంటే నా అరచేయంత నేల గల్లంతయింది. పోనీ 208.72 వేయండంటే నాలుగు చదరపు అడుగులు అన్నయ్య చేలోంచి రావాలి. 71 ఎందుకు వేశారని అడిగితే కాగితంలో అలాగే ఉందన్నారు; కాగితంలో ఎందుకుందంటే తామే వేశామన్నారు. కింద సంతకం, పక్కన ముద్ర ఉన్నాయి.

తమరిని ఇంగ్లీషులో ఇర్రేషనల్ అంటారు. నిష్పత్తిగా రాయడానికి లొంగరన్నదే అందులోని అసలు సంగతి అయినా, వినేవారికి మాత్రం హేతువు లేనివారన్నట్టే తోస్తుంది. మన వాచకాలు మిమ్మల్ని కరణీయమని, భిన్నాలను అకరణీయమని పిలిచి, లేమిని సూచించే అక్షరాన్ని భిన్నాలకే అంటగట్టాయి. కరణీయమన్న మాట విని, 1984లో పదవులు రద్దయిన గ్రామ కరణాలకు మీరు చుట్టమేమోనని అన్నయ్య అనుమానించాడు.

తమరు భిన్నం కారనడానికి ఆధారమేమిటని నేనూ నిలదీశాను. పదో తరగతి చదివే మా అమ్మాయి బోదె గట్టున కూర్చుని పుల్లతో బురదలో రాసి చూపించింది. ఏ పూర్ణసంఖ్యను వర్గం చేసినా చివరి సున్నాలు జంటలుగానే వస్తాయి: 30కి 900, 700కి 4,90,000; అసలు సున్నా లేనిదానికి వర్గంలోనూ ఉండదు. తమరే గనక భిన్నమైతే పైసంఖ్య వర్గం కిందిసంఖ్య వర్గానికి పదింతలు కావాలి. కిందిదాని వర్గంలో సున్నాలు సరిసంఖ్యలో ఉంటాయి, పది పెట్టి హెచ్చవేస్తే మరొకటి చేరి బేసి అవుతాయి; పైదానివేమో ఎప్పుడూ సరిసంఖ్యే. ఇక ఆ రెండూ ఎన్నటికీ సమానం కాలేవు. సంతకమూ ముద్రా లేకుండానే విషయం తేలిపోయింది, నేను మళ్లీ ఎందుకని అడగడానికి ఏమీ మిగల్లేదు.

పునఃపరిశీలన కోరే దరఖాస్తులో భుజం కొలత పూర్తిగా రాయమని ఒక చిన్న గడి ఇచ్చారు. తమరి అంకెలు మొదలుపెట్టాను కానీ, సార్వాకు కాలువ వదిలే లోపు గడి నిండిపోయింది. ఈలోగా ఆ అరచేయంత నేల ఏ గట్టు కింద ఉందో, ఆ గట్టు మీద అన్నయ్య కంది నాటేశాడు. ఏ ఆధారంతో నాటావని అడిగితే 208.71 అని ఉన్న కాగితం చూపించాడు.

ఇట్లు,
తమ విధేయుడు