గట్టి సీసం కొనకండి, ముందు బ్యారెల్ కొలవండి

"పిస్టల్ బ్యారెల్‌లో సీసం పేరుకుపోతోంది" అని ఎవరన్నా అన్నారంటే చాలు, "నీ సీసం మెత్తది, గట్టిది కొను" అని నలుగురు ఎగబడతారు. ఈ సలహా వింటే నాకు ఒళ్ళు మండుతుంది. పోతపోసిన సీసపు బుల్లెట్ల విషయంలో అసలు దొంగ చాలాసార్లు గట్టిదనం కాదు, వ్యాసం. బుల్లెట్ సన్నగా ఉంటే వెనకనుంచి వచ్చే వేడి గ్యాసు దాని పక్కల సందులోంచి దూరి, సీసాన్ని కోసుకుంటూ పోయి బ్యారెల్‌కి పులుముతుంది. గట్టి సీసమైతే ఇంకా అన్యాయం. మెత్తటిదైతే ఆ ఒత్తిడికి కాస్త ఉబ్బి సందు మూసేది, గట్టిది ఆ పని కూడా చెయ్యదు.

మన భాషలో తూటా అన్నా బుల్లెట్ అన్నా ఒకటే అయిపోయింది కాబట్టి ఒక మాట. ఇక్కడ బుల్లెట్ అంటే ముందుండే ముక్క మాత్రమే. ఇత్తడి గుల్ల కేసు. మొత్తం కలిపితే కార్ట్రిడ్జ్. ఇంకో మాట, ఇదంతా అమెరికాలో చట్టబద్ధంగా సొంతానికి రీలోడ్ చేసుకునేవాళ్ళ (కాల్చిన కేసులో మళ్ళీ మందు, బుల్లెట్ నింపుకునేవాళ్ళ) కోసం. మన దేశంలో లైసెన్సు లేకుండా మందుగుండు తయారీ 1959 ఆయుధాల చట్టం కింద నేరం. అమెరికాలో ఉన్నా హెచ్-1బి, ఎఫ్-1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళు, వేట లైసెన్సు లాంటి మినహాయింపు లేకుండా ఒక్క కార్ట్రిడ్జ్ దగ్గర ఉంచుకున్నా ఫెడరల్ చట్టం ఒప్పుకోదు. ఇది తెలియనివాళ్ళు మనలో చాలామందే ఉన్నారు.

పేర్లను నమ్మకండి. 9 ఎంఎం లూగర్‌కి జాకెట్ (సీసం మీద రాగి తొడుగున్న) బుల్లెట్ 0.355 అంగుళం. అదీ తొమ్మిదే, మకరోవ్ 9x18 కూడా తొమ్మిదే, కానీ మకరోవ్ బుల్లెట్ దాదాపు 0.365. 38 స్పెషల్‌లో 0.38 ఎక్కడా కనపడదు: జాకెట్ అయితే 0.357, సీసమైతే 0.358. 44 మాగ్నమ్ అసలు కొలత 0.429. ఇక 45 కోల్ట్ సంగతి మరీను. రెండో ప్రపంచ యుద్ధానికి ముందటి రివాల్వర్లకి 0.454, తర్వాతవాటికి 0.452 సీసం.

జాకెట్ బుల్లెట్‌కి రీలోడింగ్ పుస్తకంలో ఉన్న అంకె వాడండి, చర్చే లేదు. సీసానికి మాత్రం బ్యారెల్ గాడి (లోపల మెలితిరిగి చెక్కిన గీత) వ్యాసం కంటే ఒకటి నుంచి రెండు వెయ్యోవంతుల అంగుళం ఎక్కువ ఉండాలి. అందుకే 9 ఎంఎంకి పెట్టెమీద 0.356 అని రాసి అమ్ముతారు. మీ బ్యారెల్ గాడి 0.3555 ఉంటే ఆ 0.356 చాలదు, 0.357 కావాలి.

మరి గాడి ఎంతో ఎలా తెలుస్తుంది? తుపాకీ ఖాళీ చేసి, బ్యారెల్ విప్పి, లోపల బాగా తుడిచి రెండు చుక్కల నూనె రాయండి. గాడి కంటే కాస్త లావుండే మెత్తటి స్వచ్ఛమైన సీసపు ముక్క తీసుకోండి, చేపల గాలానికి కట్టే గుడ్డు ఆకారపు సీసం చక్కగా సరిపోతుంది. మూతి వైపునుంచి ఇత్తడి కడ్డీతో మెల్లగా కొట్టి అటువైపు దించండి. ఇనుప కడ్డీ వద్దు, గాడులు గీసుకుపోతాయి. సన్న చెక్కపుల్ల కూడా వద్దు, చీలి లోపల ఇరుక్కుంటే ఆ ఆదివారం గోవిందా. బయటికొచ్చిన ముక్క మీద పైకి లేచిన ఎదురెదురు గట్ల పైభాగాల మధ్య కొలతే గాడి వ్యాసం.

దాన్ని వెర్నియర్‌తో కొలవకండి. ఇంటర్ ఫిజిక్స్ ల్యాబ్ గుర్తుందా? తీగ మందానికి వెర్నియర్ ఇవ్వకుండా స్క్రూగేజ్ ఎందుకిచ్చారో ఇప్పుడు పనికొస్తుంది. ఒక వెయ్యోవంతు అంగుళం అంటే 0.0254 మి.మీ., మామూలు కాలిపర్ పొరపాటే అంత ఉంటుంది. పదివేలవంతు చూపించే మైక్రోమీటర్ కావాలి, సున్నా దోషం చూసుకునే వాడాలి. అయిదు గాడుల బ్యారెల్ అయితే గట్టుకి ఎదురుగా గట్టు ఉండదు, మామూలు మైక్రోమీటర్ తక్కువ చూపిస్తుంది. దానికి వి ఆకారపు అన్విల్ (ముక్కని ఆనించే దిమ్మె) ఉన్నది కావాలి.

ఇంత చేసి సరైన బుల్లెట్ కొన్నా కేసు దాన్ని నలిపేస్తుంది, ఇది చాలామంది చూడరు. 9 ఎంఎం కేసు కిందకి పోయేకొద్దీ గోడ మందం. జాకెట్ కోసం చేసిన ఎక్స్‌పాండర్ (కేసు మూతిని వెడల్పు చేసే పనిముట్టు) మూతిని తగినంత తెరవదు, లోపలికి దిగిన మెత్తటి సీసం 0.357 కాస్తా 0.355 అయి కూర్చుంటుంది. చివర్లో కార్బైడ్ రింగుతో మొత్తం కార్ట్రిడ్జ్‌ని నొక్కే క్రింప్ డై (కేసు మూతిని బుల్లెట్ మీదకి బిగించే అచ్చు) ఉంటే ఆ నలుగుడు రెట్టింపు. పరీక్ష సులువే: మందు, ప్రైమర్ (మందుని అంటించే చిన్న మూత) లేని కేసులో బుల్లెట్ దింపి, క్రింప్ చేసి, పుల్లర్‌తో ఊడబెరికి మళ్ళీ కొలవండి. తగ్గిందా, బుల్లెట్ కంటే రెండు వెయ్యోవంతులు మాత్రమే తక్కువుండే ఎక్స్‌పాండర్ కొనండి.

అయితే లావు కదా అని 0.358 తెచ్చేయకండి. 9 ఎంఎం కార్ట్రిడ్జ్ మూతి దగ్గర గరిష్ఠం 0.380. కేసు గోడ 0.011 అయితే రెండు వైపులా కలిపి 0.022, పైన 0.358 వేస్తే సరిగ్గా 0.380. గోడ 0.012 ఉన్న ఇత్తడి వస్తే 0.382, చాంబర్‌లోకి (బ్యారెల్ వెనక కార్ట్రిడ్జ్ కూర్చునే గదిలోకి) పోకపోవచ్చు. బలవంతాన పోయినా కేసు మూతి విచ్చుకోవడానికి చోటుండదు, ఒత్తిడి అమాంతం పెరుగుతుంది. విప్పిన బ్యారెల్‌లో కార్ట్రిడ్జ్ వేస్తే టక్కున పడాలి, వేళ్ళతో తిప్పితే తిరగాలి, బోర్లిస్తే జారిపోవాలి. బుల్లెట్ వ్యాసం మార్చినప్పుడల్లా మాన్యువల్‌లోని ఆరంభ మందు మోతాదునుంచి మళ్ళీ మొదలెట్టాలి. పౌడర్ కోటింగ్ (బుల్లెట్ మీద పొడితో వేసే పూత) వేసే వాళ్ళు కోటింగ్ అయ్యాకే సైజింగ్ (అచ్చులోంచి దూర్చి సరైన వ్యాసానికి తేవడం) చెయ్యాలి, ఆ పూత కూడా మందం కలుపుతుంది.

రివాల్వర్‌లో బ్యారెల్ కంటే ముందు సిలిండర్ గదుల మూతులు చూడండి. బుల్లెట్ వేలితో నొక్కితే దాటాలి. దానంతట అదే జారిపడితే వదులు. సుత్తి కావాల్సొస్తే ఆ మూతే బుల్లెట్‌ని సన్నం చేసి బ్యారెల్‌కి పంపుతోందన్నమాట, మీరు ఎంత లావుది కొన్నా దండగ. గన్‌స్మిత్ దగ్గర ఆ మూతుల్ని రీమ్ చేయించాలి, అంటే కాస్త తొలిపించాలి.

కొత్త సైజు ఇరవై పేల్చి బ్యారెల్‌లోకి లైటు వేసి చూడండి. సీసం చాంబర్ ముందే ఉంటే బుల్లెట్ ఇంకా సన్నమే. మూతి దగ్గర మాత్రమే ఉంటే వ్యాసం వదిలేసి లూబ్ (బుల్లెట్‌కి రాసే జిడ్డు) సంగతి చూడండి. పాత సీసం వదలాలంటే పాత బ్రష్‌కి స్వచ్ఛమైన రాగి పీచు చుట్టి తోమండి. రాగి పూత పూసిన ఇనుప పీచు కూడా అమ్ముతారు, అయస్కాంతం పెట్టి చూసి కొనండి.