ఐరన్ బిళ్ళ మింగితే బిడ్డ నల్లగా పుడుతుందట, ఇక ఆపండి

మళ్ళీ వచ్చింది ఆ మెసేజ్. పైన దణ్ణం బొమ్మలు, "కడుపుతో ఉన్న ఆడబిడ్డలకు పెద్దలు చెప్పిన రహస్యాలు, డాక్టర్లు మీకు చెప్పరు" అని హెడ్డింగు, కింద "పది మందికి పంపండి, పుణ్యం వస్తుంది" అని ఆజ్ఞ. బంధువుల గ్రూపులో ఒకసారి, అపార్ట్‌మెంటు గ్రూపులో ఒకసారి చూసి ఊరుకున్నాను. ఇప్పుడు ఇక్కడే కడపలో ఉండే స్నేహితురాలు, బాగా చదువుకున్న మనిషి, "ఇందులో కొంతైనా నిజముంటుంది కదా అక్కా" అంటూ పంపింది. ఆమె చెల్లెలికి ఐదో నెల. అందుకే రాస్తున్నాను.

చిన్నవి ముందు వదిలించుకుందాం.

గ్రహణం రోజు కత్తిపీట ముట్టుకుంటే బిడ్డకు మొర్రి వస్తుందట. రాదు. ఇంట్లో కూర్చోబెట్టాలనుకుంటే కూర్చోబెట్టండి, మీ తృప్తి మీది, కానీ అన్ని గంటలూ పచ్చి మంచినీళ్ళు కూడా ఇవ్వకుండా ఎండబెట్టకండి.

స్కానింగ్ కిరణాలు బిడ్డ మెదడుకు తగులుతాయట. కడుపుకు చేసే స్కానింగ్‌లో ఉండేది శబ్దం, ఎక్స్‌రే కాదు. తర్వాతిది.

కుంకుమపువ్వు పాలు తాగితే బిడ్డ తెల్లగా "పుడతాడట". పుడతాడు అనే రాశారు, ఆడపిల్ల పుట్టొచ్చన్న ఊహే లేదు ఆ మహానుభావుడికి. డబ్బులుంటే తాగండి, రుచిగా ఉంటాయి. రంగు మాత్రం మారదు.

ఇక అసలు విషం. "ఐరన్ మాత్రలు వేసుకుంటే బిడ్డ నల్లగా పుడుతుంది. రుజువు కావాలంటే మాత్ర వేసుకున్న మర్నాడు విరేచనం రంగు చూడండి."

ఈ రుజువు ఉంది చూశారూ, దానికే నాకు ఒళ్ళు మండేది. ఎందుకంటే చూస్తే నిజంగానే నల్లగా ఉంటుంది. మనం మింగిన ఐరన్ అంతా ఒంటికి పట్టదు, పట్టకుండా మిగిలింది పేగుల్లోంచి బయటకు పోతూ నల్లబరుస్తుంది, అంతే. ఆ పేగుకీ, బిడ్డ ఉండే గర్భసంచికీ దారి లేదు. బిడ్డ ఒంటి రంగు చర్మంలో ఉండే మెలనిన్ అనే రంగు పదార్థానిది, అది ఎంత తయారవ్వాలో అమ్మానాన్నల జన్యువులు ఎప్పుడో తేల్చేసి ఉంటాయి, ఐదో నెలలో ఎర్ర ఐరన్ బిళ్ళ వచ్చి దాన్ని మార్చేది ఏమీ లేదు. బీట్‌రూట్ తిన్న మర్నాడు కూడా రంగు మారుతుంది, ఆ లెక్కన బిడ్డ గులాబీ రంగులో పుట్టాలి మరి.

అసలు నల్లగా పుడితే ఏమవుతుందండీ? ఈ ఎండలో, ఈ రేగడి నేల మీద తరతరాలుగా చామనఛాయలో బతుకుతున్నవాళ్ళం, మనకెందుకు ఇంత బెంగ? సరే, అది పక్కన పెడదాం.

ఈ మాట నమ్మి బిళ్ళలు పెరట్లో పారేసే వాళ్ళున్నారు. నర్సమ్మ అడిగితే "వేసుకుంటున్నా" అంటారు, ఖాళీ స్ట్రిప్పు కూడా చూపిస్తారు. కడుపుతో ఉన్నప్పుడు ఒంట్లో రక్తం దాదాపు సగం మేర పెరగాలి, బిడ్డ కూడా పుట్టాక కొన్ని నెలలకు సరిపడా ఐరన్‌ను తల్లి దగ్గర్నుంచే దాచుకుంటుంది. హిమోగ్లోబిన్ 11 కంటే తగ్గితే రక్తహీనత, 7 కంటే తగ్గితే ప్రమాదం. కాన్పులో రక్తం ఎవరికైనా పోతుంది. 11 ఉన్న మనిషి తట్టుకుంటుంది, 6 ఉన్న మనిషి చేతిలోంచి జారిపోతుంది. అప్పుడు రక్తం కోసం పరిగెత్తేది ఈ మెసేజ్ రాసినవాడు కాదు. ప్రభుత్వం ఇచ్చే బిళ్ళలో 60 మిల్లీగ్రాముల ఐరన్, దాంతో పాటు ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. నాలుగో నెల నుంచి రోజుకొకటి, కనీసం 180 రోజులు. రక్తం మరీ తక్కువుంటే ఎన్ని వేసుకోవాలో డాక్టరు చెబుతారు.

అయితే ఒక మాట ఒప్పుకోవాలి. బిళ్ళలు మానేసే వాళ్ళందరూ మూఢనమ్మకంతోనే మానేయరు. అది వేసుకుంటే కడుపులో తిప్పుతుంది, నోరు ఇనుము నాకినట్టుంటుంది, మలబద్ధకం వస్తుంది. ఇవన్నీ నిజం. స్ట్రిప్పు చేతిలో పెట్టి రిజిస్టర్‌లో టిక్కు కొట్టే చోట "నల్లగా పోతుందమ్మా, భయపడొద్దు" అని ఒక్క ముక్క చెప్పుంటే ఈ మెసేజ్‌కి ఇంత బలం వచ్చేది కాదు. "డాక్టర్లు మీకు చెప్పరు" అన్న ఆ హెడ్డింగు ఒక్క ఈ విషయంలో నిజమే, ఏం చేద్దాం.

కడుపులో తిప్పితే రాత్రి అన్నం తిన్నాక కాసేపాగి వేసుకోండి. టీతో, కాఫీతో, పాలతో వద్దు, ఐరన్ పట్టదు. కాల్షియం మాత్రతో కలిపి కూడా వేసుకోకూడదు, రెండింటికీ మధ్య రెండు గంటలైనా ఉండాలి. నిమ్మకాయ నీళ్ళో, చీనీ (బత్తాయి) రసమో తాగితే ఇంకా బాగా పడుతుంది. పులివెందుల, అనంతపురం తోటల నిండా చీనీకాయలే, కుంకుమపువ్వుకు పెట్టే డబ్బుతో బుట్టెడు వస్తాయి.

దీని తర్వాత దుర్మార్గమైనది: "తక్కువ తినండి, బిడ్డ చిన్నగా ఉంటే నార్మల్ డెలివరీ అవుతుంది." రెండున్నర కిలోల కంటే తక్కువతో పుట్టిన బిడ్డకు ఒళ్ళు వెచ్చగా నిలవదు, పాలు తాగే ఓపిక ఉండదు, ఇన్‌ఫెక్షన్లు త్వరగా వస్తాయి. బిడ్డ మరీ పెద్దదవుతుందేమో అని టెన్షన్ ఉంటే షుగర్ పరీక్ష చేయించండి, ఎక్కువగా తేడా వచ్చేది అక్కడే. సంగటి ముద్ద సగానికి కోస్తే తగ్గేది తల్లి ఓపిక. అంగన్‌వాడీలో ఇచ్చే గుడ్డు అత్తగారు తినడం గురించి నేను మాట్లాడను, ఇంట్లో గొడవలవుతాయి.

"నీళ్ళు తగ్గిస్తే కాళ్ళ వాపు తగ్గుతుంది." ఏప్రిల్‌లో కర్నూలు, కడప ఎండల్లో, గర్భిణికి, నీళ్ళు తగ్గించాలా! మూత్రంలో మంట, ఇన్‌ఫెక్షన్, మలబద్ధకం, అన్నీ కలిపి ఫ్రీ. సాయంత్రానికి పాదాలు కాస్త వాయడం మామూలే, కాళ్ళు ఎత్తులో పెట్టుకుని పడుకుంటే తగ్గుతుంది. కానీ ముఖం, చేతులు హఠాత్తుగా వాచినా, తగ్గని తలనొప్పి వచ్చినా, చూపు మసకబారినా, పొట్ట పైభాగంలో నొప్పి వచ్చినా అది బీపీ కావచ్చు. అప్పుడు చిట్కాలు వెతక్కండి, 108కి ఫోన్ చేయండి.

బొప్పాయి సంగతి. తిట్టేద్దామని కూర్చున్నాను గానీ, పచ్చికాయ గురించి వాళ్ళ భయం పూర్తిగా ఉత్తది కాదు, పచ్చి బొప్పాయి పాలు గర్భసంచిని కదిలించగలవు, మానేయడమే మంచిది. బాగా పండింది వేరే సంగతి. ఎడమ వైపు తిరిగి పడుకోమన్నారు, అదీ సరే.

చివరగా, ఏడో నెల దాటాక పుట్టింటికి పంపాలట. పంపండి, నేనేం కాదనను, అక్కడైనా నాలుగు రోజులు ఎవరికీ జొన్నరొట్టెలు కొట్టకుండా పడుకుంటుంది. కానీ సంచిలో చీరలతో పాటు ఆస్పత్రి కార్డు, స్కానింగ్ కాగితాలు, మిగిలిన ఎర్ర బిళ్ళలు పెట్టండి, ఆ ఊరి ఆశా వర్కర్‌కి ముందే చెప్పించండి. కాన్పు అయ్యాక కూడా ఆ బిళ్ళలు ఇంకో ఆరు నెలలు వేసుకోవాలి, బాలింతకు వేడి చేస్తుందని ఎవరో ఒకరు ఆపడానికి వస్తారు, వాళ్ళకీ ఇదే పంపండి.