శ్రీయుత 69ఏ గారి దివ్యసముఖమునకు

అయ్యా,

ఐటీ చట్టంలో తమరొక సెక్షన్. 2009 అక్టోబరు నుంచి డ్యూటీలో ఉన్నారు. సార్వభౌమత్వం, దేశ రక్షణ, శాంతిభద్రతలు, విదేశాలతో స్నేహం... వీటిలో దేనికి ముప్పొచ్చిందన్నా సరే, ఇంటర్నెట్‌లో ఏ ఖాతానైనా, ఏ యాప్‌నైనా మూయించగలరు. మాట వినని కంపెనీవాళ్లకు ఏడేళ్ల దాకా జైలు. ఇంత అధికారం ఉండి కూడా చప్పుడు చేయకుండా పని చేసుకుపోతారు చూడండి, ఆ నిరాడంబరతకు దండం పెట్టాలి.

మీ అన్న 66ఏ గారికి (ఆన్‌లైన్‌లో నొప్పించే రాతలు నేరమనే సెక్షన్) ఆ తెలివి లేకపోయింది. 2012లో ఫేస్‌బుక్ పోస్టుకు ఒకమ్మాయిని, దానికి లైకు కొట్టినందుకు ఇంకో అమ్మాయిని అరెస్టు చేయించి అల్లరిపాలయ్యారు. 2015 మార్చి 24న సుప్రీంకోర్టు ఆయన్ని కొట్టేసింది. (ఆ తర్వాత కూడా పోలీసులు ఆయన పేరు మీద కేసులు రాస్తూనే ఉన్నారని 2021లో అదే కోర్టు విస్తుపోయింది. కొందరు చచ్చినా సాధిస్తారు.) అదే తీర్పులో మిమ్మల్ని మాత్రం ఉండనిచ్చింది. మీరు కారణాలు రాతపూర్వకంగా రాస్తారు కదా, నచ్చనివాళ్లు కోర్టుకెళ్లొచ్చు కదా అని.

రాస్తారు, నిజమే. రాసి బీరువాలో పెట్టి తాళం వేస్తారు. మీ నిబంధనల్లో 16వది చెప్పేది అదే: ఫిర్యాదూ గోప్యమే, చర్యా గోప్యమే. ఖాతా పోయినవాడికి తెర మీద కనిపించేది ఒకే ముక్క, చట్టపరమైన డిమాండ్ మేరకు భారత్‌లో నిలిపివేశామని. ఎవరి డిమాండు? ఏ పోస్టు? ఎన్నాళ్లు? కోర్టుకెళ్దామంటే ఆర్డరు కాపీ కావాలి. కాపీ అడిగితే గోప్యం. 2023లో ట్విట్టరంతటి కంపెనీ వెళ్తేనే కర్ణాటక హైకోర్టు పిటిషన్ కొట్టేసి 50 లక్షలు కట్టమంది. ఇక నెలనెలా రీచార్జికే వెతుక్కునేవాడు ఏ మొహం పెట్టుకుని వెళ్తాడు?

మీ కెరీర్‌లో బ్లాక్‌బస్టర్ మాత్రం 2020 జూన్ 29. ఒక్క దెబ్బకు 59 చైనా యాప్‌లు. గల్వాన్‌లో మన సూర్యాపేట కర్నల్ సంతోష్‌బాబుతో సహా 20 మంది సైనికులు ప్రాణాలిచ్చి అప్పటికి రెండు వారాలే. ఆ కోపాన్ని నేను తప్పుపట్టను. డేటా మీద అనుమానమూ సబబే. కానీ టిక్‌టాక్‌లో పొలంగట్టు మీద నిలబడి సినిమా డైలాగుకు పెదవులు కలిపిన పెద్దాయన ఏ సరిహద్దు దాటాడండీ? పది రోజులు తిరక్కముందే ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ దిగింది. పెద్దాయన అదే గట్టు మీద, అదే లుంగీలో, ఈసారి అమెరికా కంపెనీ కోసం పెదవులు కలిపాడు. సార్వభౌమత్వం ఊపిరి పీల్చుకుందనుకుంటాను.

నేపాల్ వాళ్లు మీ దగ్గర ట్యూషన్ చెప్పించుకోవాల్సింది. 2025 సెప్టెంబరు 4న ఫేస్‌బుక్, యూట్యూబ్, ఎక్స్ సహా 26 వేదికల్ని, అదీ ఊరంతా చాటి మరీ మూశారు. కుర్రాళ్లు రోడ్డెక్కారు. కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. 9వ తేదీకల్లా నిషేధమూ లేదు, ప్రధాని ఓలీ పదవీ లేదు. మీరైతే ఒక్కో ఖాతా చొప్పున, పక్కింటివాడికి కూడా తెలియకుండా కానిచ్చేవారు.

ఒక్క మనవి. మీ సమీక్షా కమిటీ రెండు నెలలకోసారైనా కూర్చోవాలని మీ నిబంధనల్లోనే ఉంది. ఈసారి కూర్చున్నప్పుడు, ఖాతా పోయినవాళ్లకు ఆర్డరు కాపీ ఒకటి పంపమనండి. జిరాక్స్ డబ్బులు మేమే ఇచ్చుకుంటాం.

ఇట్లు,
తమ విధేయుడు,
ప్రస్తుతానికి కనిపిస్తున్న ఒక ఖాతాదారు