బియ్యం బస్తాల లెక్క

ఇప్పుడే పెళ్లి నుంచి వచ్చా, ఇంకా చీర కూడా మార్చలేదు, ఒళ్లు మండిపోతోంది, ఇది రాసేస్తే గానీ నిద్ర పట్టేట్టు లేదు.

భోజనాల దగ్గర మా పెద్ద మావయ్య అందరి ముందూ అడిగాడు, "ఏమ్మా, మళ్లీ నేపాల్ వెళ్తున్నావంట, జోకర్ వేషం కట్టడానికి? ఆ ఫ్లైట్ టికెట్ డబ్బులకి ఎన్ని బియ్యం బస్తాలొస్తాయో లెక్కేశావా?" బంతిలో వాళ్లంతా నవ్వారు. మా అమ్మ తలొంచుకుని పెరుగన్నం కలుపుతూ కూర్చుంది. నాకు అదే ఎక్కువ మండింది.

బియ్యం వద్దని ఎవరన్నారు? 2015 భూకంపం తర్వాత నేపాల్‌లోని సింధుపాల్‌చోక్ జిల్లాలో బియ్యం ఇచ్చేవాళ్లు ఇచ్చారు, టార్పాలిన్లు ఇచ్చేవాళ్లు ఇచ్చారు, డాక్టర్లు వాళ్ల పని వాళ్లు చేశారు. మేం నలుగురం వెళ్లింది ఆ తర్వాత. రేకుల షెడ్డులో బడి, నా ముక్కుకి ఎర్ర బంతి, జేబు నిండా రుమాళ్లు, ఒక తాడు, నాకొచ్చిన నేపాలీ రెండే రెండు ముక్కలు. మొదటి షోలోనే ఒక బెలూన్ టప్పున పేలింది. అంతే, షెడ్డు ఖాళీ! చెప్పులు కూడా వదిలేసి పిల్లలంతా బయట మైదానంలో నిలబడిపోయారు, ఒక్కరు కూడా ఏడవట్లేదు, అందరూ కాళ్ల కింద నేలవైపే చూస్తున్నారు. నాకు చేతులు వణికాయి. బెలూన్ల సంచి మళ్లీ విప్పలేదు.

ఏం చెయ్యాలో తోచక నేనూ బయటికెళ్లి తాడు కాలికి చుట్టుకుని దబ్బున పడ్డా. ఎవరూ నవ్వలేదు. మళ్లీ పడ్డా. మూడోసారికి ఒక పిల్ల కిసుక్కుమంది, ఇంక మొదలు, "ఫేరి! ఫేరి!" అని ఒకటే అరుపులు. మళ్లీ, మళ్లీ అని. మోకాళ్లు దోక్కుపోయేదాకా పడుతూనే ఉన్నా. ఏ నేలని చూసి వణికారో ఆ నేల మీదే నేను పడితే పగలబడి నవ్వారు మావయ్యా, దీన్ని ఏ కాటాలో పెట్టి తూస్తావు?

ఇది నేను కనిపెట్టిందీ కాదు. 1993లో యుద్ధం నడుస్తుంటే బార్సిలోనా నుంచి తోర్తెల్ పోల్త్రోనా అనే క్లౌన్ క్రొయేషియాలో శరణార్థుల పిల్లల దగ్గరికి వెళ్లి ఆడాడు, 'సరిహద్దుల్లేని క్లౌన్లు' అనే సంస్థ అలాగే పుట్టింది. అంత దూరం ఎందుకు, మన తోలుబొమ్మలాటలో రామాయణం నడుస్తుంటే మధ్యలో జుట్టుపోలిగాడూ బంగారక్కా ఎందుకొస్తారు? ఏడుపు మధ్యలో నవ్వు కావాలని మన తాతలకి తెలుసు, వాళ్ల ఆట చూసి పెరిగిన మనకి తెలియట్లేదు.

వెళ్లేవాళ్లంతా మంచివాళ్లని నేననను. అమ్మానాన్న బతికున్న పిల్లల్ని పల్లెల నుంచి తీసుకొచ్చి, అనాథలని చెప్పి, విదేశీయులు చూసి డబ్బులిస్తారని కఠ్మాండూలో హోమ్‌లు నడిపినవాళ్లున్నారు. అందుకే మేం అలాంటి చోట అడుగు పెట్టం. బళ్లకే వెళ్తాం, టీచర్లు పక్కనే ఉంటారు, ఫోన్లు సంచిలోనే ఉంటాయి. మావయ్య అదీ అడిగాడు, "ఒక్క ఫొటో కూడా లేదా, మరి వెళ్లావని ఎవరు నమ్ముతారు" అని.

ఫొటో అంటే గుర్తొచ్చింది, రెండేళ్లుగా లోపల పెట్టుకున్నది ఇవాళ చెప్పేస్తా. నీ మనవడి పుట్టినరోజు ఆశ్రమంలో చేశావు కదా మావయ్యా. మనకి కుర్చీలు, పిల్లలు కింద. మనం గంటన్నర లేటు. వచ్చాక కూడా ముందు వాళ్ల చేత స్వాగతం పాట, తర్వాత డాన్స్, ఆకలి మీదున్న పిల్లలు మనకోసం ఆడారు. చివరికి ఎనిమిదేళ్ల పిల్ల చేతికి బిర్యానీ ప్లేటిచ్చావు. ఫొటోగ్రాఫర్ "సరిగ్గా రాలేదు సార్, ఇంకోసారి" అన్నాడు. ఆ పిల్ల అప్పటికే ముద్ద కలిపేసింది. ఆ ప్లేటు వెనక్కి తీసుకున్నావు. గరిటెతో అన్నం సర్ది, పైన గుడ్డు పెట్టి, మళ్లీ ఇచ్చావు. ఆ పిల్ల కలిపిన చెయ్యి గౌను వెనక దాచుకుని కెమెరాకి నవ్వింది.

ఆ రోజు నేను అక్కడే ఉండి నోరు తెరవలేదు, అది నా తప్పే. ఇవాళ పెరుగన్నం దగ్గర నవ్విన వాళ్లలో సగం మంది ఆ రోజు ఆ కుర్చీల్లో ఉన్నవాళ్లే.

నేపాల్ టికెట్ క్యాన్సిల్ చెయ్యట్లేదు. ఈలోపు ఆ ఆశ్రమం వార్డెన్‌గారికి ఫోన్ చేశా, ఆదివారం నాలుగింటికి రమ్మన్నారు, పిల్లల భోజనాలు అయ్యాక. ఆ పూట ఆడేది నేను, కూర్చుని చూసేది వాళ్లు.