కెమెరాకు చిక్కిన ప్రాణి

ఆఫ్రికా వెళ్లి సింహాలను కాపాడతానంటే మా ఆవిడ నవ్వలేదు. "బల్లిని చూస్తే కుర్చీ ఎక్కే మనిషి!" అని మాత్రం అంది. నారాయణగూడలో ఎల్లో ఫీవర్ టీకా వేయించుకున్నాను. సూట్‌కేసులో ఆవకాయ సీసా, దాని పక్కన స్నానాల గది మగ్గు పెట్టుకున్నాను. మగ్గు పిడి విరిగితే రాగి తీగ చుట్టి బాగుచేసింది నేనే. మగ్గు ఎందుకని తెలుగువాళ్లెవరూ అడగరు కాబట్టి వివరించను.

కెన్యా దక్షిణాన అంబోసెలి దగ్గర శిబిరం. ఎదురుగా కిలిమంజారో. సింహం పిల్లను ఒళ్లో పెట్టుకుని ఫొటో దిగాలన్న నా ఆశ మీద మొదటి రోజే నీళ్లు చల్లారు. డబ్బు తీసుకుని పిల్లలను నిమరనిచ్చే చోట్ల జరిగేది వ్యాపారమే తప్ప సంరక్షణ కాదట. ఇక్కడ పని వేరు. సింహం ఆవును తింటుంది, ఆవు పోయిన మాసాయి తెగ పశువుల కాపరి సింహాన్ని చంపుతాడు. కాబట్టి సింహాన్ని కాపాడాలంటే ముందు ఆవుల దొడ్డికి గట్టి కంచె వేయాలి. అయిదు రోజులు తుమ్మకంప మోశాను. మా తాత ఊళ్లో జీవితమంతా చేసిన పనే ఇది, కాకపోతే ఆయన విమానం టిక్కెట్టు కొనలేదు.

స్వాహిలీలో సింహాన్ని 'సింబా' అంటారు. పేరు పలకడం మనకు సులువే, దర్శనమే కష్టం. రోజుకు 20 గంటల దాకా పడుకునే జంతువు ఏ పొద చాటున ఉందో ఎవరికి తెలుసు? అందుకే చెట్లకు కెమెరాలు కడతారు. ఒంటి వేడి ఉన్నది ఏది కదిలినా వరుసగా మూడు ఫొటోలు తీస్తాయి. మీసాల మొదట్లో ఉండే చుక్కల వరుస ఏ రెండు సింహాలకూ ఒకేలా ఉండదు. 1970 నుంచీ వాటిని గుర్తుపట్టడానికి ఈ చుక్కలే ఆధారం. ఆ చుట్టుపక్కల తిరిగే ఒక ఆడసింహం మాత్రం ఎప్పుడూ తోకే చూపిస్తోందని శిబిరాన్ని నడిపే అమ్మాయి వాపోయేది.

శిబిరం వెనుక చెట్టుకు కెమెరా కట్టింది నేనే. "సింహం భుజమంత ఎత్తులో, మ్జే" అని మాసాయి కుర్రవాడు దగ్గరుండి చూపించాడు. మ్జే అంటే పెద్దాయన. సింహం భుజమంత ఎత్తంటే గొంతుక్కూర్చున్న మనిషి ముఖమంత ఎత్తని నాకు అప్పుడు తట్టలేదు.

రెండు రోజుల తర్వాత, ఇంకా తెల్లవారకముందే కడుపు తొందరపెట్టింది. మరుగుదొడ్డిలో ఎవరో ఉన్నారు. చీకట్లో డేరా దాటి పోకూడదన్నది శిబిరంలో మొదటి నియమం. కానీ ముందు రాత్రి ఆవకాయ నేను నియమంగా తినలేదు. మగ్గు పట్టుకుని చెట్టు చాటుకు వెళ్లాను. ఎవరికీ కనబడని చోటు చూసుకున్నానని తృప్తిపడ్డాను కూడా. ఇంతలో వెనక ఎండుటాకులు చప్పుడయ్యాయి. తరువాత సంగతి నాకు గుర్తులేదు. డేరాలో పడేసరికి చేతిలో లుంగీ ఉంది, మగ్గు లేదు.

సాయంత్రం అందరం కంప్యూటర్ చుట్టూ కూర్చున్నాం. మొదటి ఫొటోలో నేను, ధ్యానముద్రలో. రెండోదాంట్లో మెడ వెనక్కి తిరిగింది. మూడోదాంట్లో లుంగీ కొంగు మాత్రమే. ఒక్కరూ నవ్వలేదు. అంతకన్నా నవ్వితేనే బాగుండేది. ప్రతి ఫొటో వివరాలూ పట్టికలో ఎక్కించాలి కదా. 'జాతి' గడిలో మనిషి అని కొట్టి, 'ప్రవర్తన' గడి దగ్గర ఆ అమ్మాయి కాస్త ఆగి, మర్యాదగా 'విశ్రాంతి' అని రాసింది.

తరువాతి ఫొటో పదకొండు నిమిషాల తర్వాతది. ఆడసింహం. మూతి నా మగ్గులో పెట్టి, తల పక్కకు తిప్పి, మీసాల చుక్కలన్నీ లెక్కపెట్టుకోవచ్చన్నంత స్పష్టంగా ఉంది. ఆ అమ్మాయి ఎగిరి గంతేసింది. "ఎరగా ఏం పెట్టారు, మ్జే?" అని అడిగింది. నా కాళ్లు ఇంకా వణుకుతూనే ఉన్నాయి.

ఆ రాత్రి నా మూడు ఫొటోలూ దాచేసి, సింహం ఫొటో ఒక్కటే ఇంటికి పంపాను. "నేను కట్టిన కెమెరాయే!" అని గొప్పగా కింద రాశాను కూడా. కాసేపటికి ఫోను మోగింది.

"ఏమండీ, సింహం బాగానే ఉంది. పిడికి తీగ చుట్టి ఉంది, అది మన మగ్గు కదూ?"