కోచ్ నామమాత్రం కాదు: కాలేజీ ఫుట్‌బాల్‌పై తిరుగుతున్న వాదనకు జవాబు

అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్ గురించి రెండు మూడేళ్లుగా ఒకే మాట ఫోను నుంచి ఫోనుకు తిరుగుతోంది. అక్కడి అభిమానుల దగ్గర మొదలై, ఆ విశ్వవిద్యాలయాల్లో చదివి వాటి జట్లను తమవిగా అభిమానించే మన తెలుగువారి బృందాల్లోకీ వచ్చింది. దాని సారం ఇది: ఆటగాళ్లకు డబ్బు ముట్టడం మొదలయ్యాక కోచ్ నామమాత్రమైపోయాడు. ఎక్కువ ఖర్చు పెట్టినవాడిదే గెలుపు. ప్లే కాలింగ్ మీద, అంటే కోచ్ వేసే ఎత్తుల మీద, వాదించుకోవడం ఉత్త కాలక్షేపం. హైస్కూల్ కుర్రాళ్లను వెతికి తెచ్చే రిక్రూటింగ్‌కు కాలం చెల్లింది. ఉద్యోగం ఊడినా కోట్లు చేతికి వస్తాయి కనుక కోచ్‌కు గెలుపోటములతో పనే లేదు.

నేను ఓహాయో స్టేట్‌లో చదువుకున్నాను. అప్పటి నుంచి శరదృతువులో నా శనివారాలు ఈ ఆటవే. ఈ వాదనను చదివిన ప్రతిసారీ బాధ కలుగుతుంది. ఎందుకంటే ఇది ఆటను చూడనక్కర లేదని చెప్పే వాదన.

ఇందులో నిజమెంతో ముందు చెప్పాలి. 2021 జూలై 1 నుంచి ఆటగాళ్లు తమ పేరు, రూపం మీద సంపాదించుకోవచ్చు. దాన్నే ఎన్‌ఐఎల్ అంటున్నారు. జట్టు మారదలచిన ఆటగాళ్లు పేరు నమోదు చేసుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ 2018లో మొదలైంది. దాని నిబంధనలు ఏటేటా సడలి, 2024 నాటికి చదువులో వెనకబడని ఆటగాడు ఎన్నిసార్లైనా జట్టు మారి వెంటనే ఆడే వీలు కలిగింది. 2025 జూన్‌లో న్యాయమూర్తి క్లాడియా విల్కెన్ ఆమోదించిన ఒప్పందంతో విశ్వవిద్యాలయాలే ఆటగాళ్లకు నేరుగా చెల్లించసాగాయి. 2025-26కు అన్ని క్రీడలకూ కలిపి ఒక్కో సంస్థకు పరిమితి సుమారు 2.05 కోట్ల డాలర్లు. చిన్న జట్లు ఏళ్లకేళ్లు తీర్చిదిద్దిన ఆటగాడు ఒక్క శీతాకాలంలో పెద్ద జట్టుకు వెళ్లిపోతున్నాడు. ఇది అన్యాయమని వాపోయేవారితో నాకు పేచీ లేదు. డబ్బు లేనివాడు ఈ పోటీలో గడప కూడా దాటలేడు. అయితే గడప దాటడం వేరు, ఇల్లు గెలవడం వేరు.

‘ఎక్కువ ఖర్చు పెట్టినవాడిదే గెలుపు’ అన్న మొదటి మాటకు టెక్సస్ ఏ అండ్ ఎమ్ ఒక్కటి చాలు. 2022లో ఆ జట్టు చేర్చుకున్న కొత్త కుర్రాళ్ల బృందానికి రిక్రూటింగ్ అంచనాల సంస్థలు అంతకు ముందు ఎవరికీ ఇవ్వనంత మార్కులు వేశాయి. ఆ బృందాన్ని కొనుక్కున్నారని అలబామా కోచ్ నిక్ సేబన్ బహిరంగంగానే అన్నాడు. ఏ అండ్ ఎమ్ కోచ్ జింబో ఫిషర్ అంతకంటే గట్టిగా దాన్ని ఖండించాడు. వారిద్దరిలో ఎవరిది నిజమైనా మైదానంలో తేలింది ఒకటే. ఆ ఏడు సొంత గడ్డ మీద అపలాచియన్ స్టేట్ చేతిలో 17-14తో ఓడి, చివరికి 5 గెలుపులు, 7 ఓటములతో సీజన్ ముగించారు. మరుసటి ఏడు నవంబరులో ఫిషర్‌ను సాగనంపారు.

ఒక్క ఉదాహరణతో ఏం తేలుతుందని అడగవచ్చు. సరే, 2025 సీజన్‌కు ముందు అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ జరిపిన విలేఖరుల ఓటింగ్‌లో వచ్చిన వరుస చూడండి: మొదటి స్థానం టెక్సస్, రెండు పెన్ స్టేట్, మూడు ఓహాయో స్టేట్, నాలుగు క్లెమ్సన్. చేతి నిండా డబ్బు, పేరున్న ఆటగాళ్లు ఉన్న జట్లే. జాతీయ విజేతను తేల్చే పన్నెండు జట్ల ప్లేఆఫ్‌లోకే టెక్సస్ రాలేదు. పెన్ స్టేట్ అక్టోబరు మధ్యకు రాకుండానే కోచ్‌ను తొలగించింది. క్లెమ్సన్ 7-6తో ముగించింది. ఇరవయ్యో స్థానంలో ఎవరున్నారో కాసేపట్లో చెబుతాను.

రెండో మాట దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను. నాకు అన్నింటికంటే కోపం తెప్పించేది అదే. ప్లే కాలింగ్ అంటే ప్రతి ప్రయత్నానికి ముందు ఏ ఎత్తు వేయాలో నిర్ణయించి ఆటగాళ్లకు చేరవేయడం. బంతి చేతిలో ఉన్న జట్టుకు పది గజాలు సాధించడానికి నాలుగు ప్రయత్నాలు. పరుగు తీయించాలా, విసరాలా, ఎవరి వైపు అన్నది కోచ్ క్షణాల్లో తేల్చాలి. ‘ఆటగాళ్లు మంచివాళ్లైతే ఏ ఎత్తు వేసినా పారుతుంది’ అంటారు.

అలా అనేవారు 2024 నవంబరు 30న మా ఓహాయో స్టేట్‌కు ఏమైందో చెప్పాలి. ఆ జట్టు మీద సుమారు 2 కోట్ల డాలర్లు ఖర్చవుతోందని మా క్రీడా విభాగం అధిపతి రాస్ బ్యోర్క్ స్వయంగా చెప్పాడు. దేశంలో రెండో ర్యాంకు. ఎదుట ఉన్న మిషిగన్ ఆ ఏడు అప్పటికే అయిదు ఓడి, ర్యాంకే లేకుండా వచ్చింది. మిషిగన్‌కు బలమున్నది ఒక్కచోటే, రక్షణ వరుస నడిమధ్యన. అక్కడ నిలబడిన మేసన్ గ్రాహమ్, కెన్నెత్ గ్రాంట్ ఇద్దరూ తర్వాతి వసంతంలో, వృత్తి లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు కొత్తవారిని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మొదటి రౌండ్‌లోనే ఎంపికయ్యారు. మా కోచ్‌లు గంటల తరబడి బంతిని ఆ గోడ వైపే పంపారు. అంచుల్లో విసిరిన బంతిని అందుకోవడానికి జెరమాయా స్మిత్ లాంటి రిసీవర్ ఉండి కూడా ఆ రోజు అతను సాధించింది 35 గజాలు. సొంత మైదానంలో 13-10తో ఓడాం. మిషిగన్ చేతిలో వరుసగా నాలుగో ఓటమి అది.

మూడు వారాల తర్వాత ప్లేఆఫ్ మొదలైంది. ఆటగాళ్లు మారలేదు, ఖర్చు పెరగలేదు, ముఖ్య కోచ్ ర్యాన్ డే కూడా మారలేదు. మారింది ఎత్తుల వరుస. విసిరే ఆట ముందుకు వచ్చింది, స్మిత్‌కు బంతి అందింది. టెనెసీ మీద 42-17. రోజ్ బౌల్‌లో ఆరెగన్ మీద ఒక దశలో 34-0 ఆధిక్యం, చివరికి 41-21. ఆ ఆటలో స్మిత్ ఒక్కడే 187 గజాలు. ఆ తర్వాత టెక్సస్ మీద 28-14. 2025 జనవరి 20న ఫైనల్లో నోటర్ డామ్ ఎనిమిది పాయింట్ల దూరానికి వచ్చినప్పుడు, మూడో ప్రయత్నంలో 11 గజాలు కావలసిన చోట, బంతిని గట్టిగా పట్టుకుని కాలం గడపడం మాని స్మిత్‌కు 56 గజాల పాస్ విసిరించారు. 34-23తో విజేతలమయ్యాం. అదే డబ్బు నవంబరులో ఓడి జనవరిలో ఎలా గెలిచిందో ఈ వాదన చెప్పజాలదు.

యూసీఎల్‌ఏది ఇంకా సూటి ఉదాహరణ. 2025లో మొదటి నాలుగు ఆటలూ ఓడారు. నాలుగింటిలో ఒక్క క్షణం కూడా ఆధిక్యంలో లేరు. ముఖ్య కోచ్‌ను తొలగించారు, దాడి వ్యూహం చూసే కోచ్ కూడా వెళ్లిపోయాడు. పెన్ స్టేట్‌తో ఆటకు కొద్ది రోజుల ముందు జెర్రీ న్యూహైసెల్ అనే సహాయ కోచ్‌కు ప్లే కాలింగ్ అప్పగించారు. అక్టోబరు 4న మొదటిసారి బంతి చేతికి రాగానే దాన్ని చివరి గీత దాటించి టచ్‌డౌన్ చేశారు. సగం ఆటకు 27-7. ఏడో ర్యాంకు పెన్ స్టేట్‌ను 42-37తో ఓడించారు. దాడిని నడిపి బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ మొదటి నాలుగు ఆటల్లో ఉన్న నికో ఇయామలియావానే. ఆ వారంలో కొత్త ఆటగాడెవరూ దిగలేదు. ఎత్తులు వేసే మనిషి మారాడు.

ఇక మియామీ. 2023 అక్టోబరు 7న జార్జియా టెక్ మీద 20-17 ఆధిక్యంలో ఉంది. గడియారంలో నలభై సెకన్లు కూడా లేవు, ఎదుటి జట్టు దగ్గర గడియారం ఆపే టైమ్‌అవుట్లు అయిపోయాయి. క్వార్టర్‌బ్యాక్ బంతి తీసుకుని మోకాలు నేలకు ఆనిస్తే ఆట ముగుస్తుంది. చిన్నపిల్లల జట్టుకు కూడా తెలిసిన సంగతి అది. ముఖ్య కోచ్ మారియో క్రిస్టోబాల్ హయాంలోని ఆ జట్టు మాత్రం పరుగుకు పోయింది. బంతి జారింది. జార్జియా టెక్ నాలుగు ప్రయత్నాల్లో 74 గజాలు దాటి, చివరి సెకన్లలో టచ్‌డౌన్ చేసి 23-20తో గెలిచింది. ఆ ఓటమికి కారణం ఆటగాళ్ల ధర కాదు. అది పూర్తిగా పక్క గీత దగ్గర నిలబడిన కోచ్‌ల తప్పు.

ఈ సందర్భంలో కోచ్ ముఖ్యమని నమ్మే మనవైపు అభిమానులకూ ఒక మాట చెప్పాలి. ప్లే కాలింగ్ ముఖ్యమంటే, ఓడిన ప్రతిసారీ కోచ్‌ను తిట్టవచ్చని అర్థం కాదు. 2023లో వాషింగ్టన్ మీద ఆరెగన్ కోచ్ డాన్ లానింగ్ మూడుసార్లు నాలుగో ప్రయత్నంలో బంతిని తన్నించకుండా తెగించి, మూడుసార్లూ విఫలమై 36-33తో ఓడాడు. ఫలితం చూసి అతన్ని మూర్ఖుడన్నారు. చివరి తెగింపు సమయానికి అతను నాలుగు పాయింట్ల ఆధిక్యంలో ఉన్నాడు, రెండు నిమిషాలకు పైగా సమయం ఉంది, కావలసింది మూడు గజాలు. ఎదుట ఉన్నది ఆ రోజు ఆపతరం కాని వాషింగ్టన్ క్వార్టర్‌బ్యాక్ మైకేల్ పెనిక్స్. అతనికి బంతి ఇవ్వకుండా ఆటను ముగించాలన్న ఆలోచన తప్పు కాదు. నా లెక్కలో సగం ఆట ముగిసేముందు తేలికైన ఫీల్డ్ గోల్‌ను, అంటే బంతిని తన్ని తెచ్చుకునే మూడు పాయింట్లను, వదులుకోవడమే పొరపాటు. నిర్ణయాన్ని నిర్ణయంగా, ఫలితాన్ని ఫలితంగా చూడాలి. మరుసటి ఏడు అదే లానింగ్ మా ఓహాయో స్టేట్ మీద చివరి క్షణాల్లో, పదకొండు మందే ఉండవలసిన చోట, పన్నెండో ఆటగాడిని మైదానంలో ఉంచాడు. అయిదు గజాల జరిమానా పడింది. కానీ మాకు అంతకంటే విలువైన నాలుగు సెకన్లు కరిగిపోయాయి. ఆరెగన్ 32-31తో గెలిచింది. ఆ లొసుగును మూయడానికి కొద్ది రోజుల్లోనే నిబంధనకు కొత్త వివరణ ఇవ్వవలసి వచ్చింది. ఓడింది మేమే అయినా ఆ బుర్రకు నమస్కారం పెట్టాను.

మూడో మాట, రిక్రూటింగ్‌కు కాలం చెల్లిందన్నది. పైన చెప్పిన జెరమాయా స్మిత్ ఫ్లోరిడా కుర్రాడు. అప్పటి మా రిసీవర్ల కోచ్ బ్రయన్ హార్ట్‌లైన్ ఏళ్ల తరబడి పెంచుకున్న నమ్మకంతో అతను ఇంటి పక్క జట్లను కాదని ఓహాయోకు వచ్చాడు. పోర్టల్ వచ్చాక రిక్రూటింగ్ పోలేదు. ఏటా తిరిగి చేయవలసిన పనిగా మారి ఇంకా కష్టమైంది. ఇప్పుడు సొంత ఆటగాడిని కూడా ప్రతి శీతాకాలంలో కొత్తగా ఒప్పించాలి.

ఇప్పుడు ఆ ఇరవయ్యో స్థానం సంగతికి వస్తాను. అది ఇండియానా. 2025 సీజన్ మొదలయ్యేనాటికి ఈ స్థాయి ఆటలో చరిత్రలోనే అత్యధిక ఓటములు మూటగట్టుకున్న జట్టు. 2023లో 3-9. ఆ నవంబరు చివర ముఖ్య కోచ్‌గా కర్ట్ సిగ్నెటీని తెచ్చుకున్నారు. అలబామాలో సేబన్ దగ్గర రిక్రూటింగ్ బాధ్యత చూసి, దాన్ని వదిలి, తన తండ్రి ఒకప్పుడు కోచ్‌గా ఉన్న రెండో శ్రేణి జట్టుకు తక్కువ జీతానికి వెళ్లిన మనిషి అతను. మెట్టు మెట్టుగా జేమ్స్ మాడిసన్ విశ్వవిద్యాలయం దాకా ఎక్కాడు. అక్కడి నుంచి తనతో పదమూడు మంది ఆటగాళ్లను తెచ్చుకున్నాడు. వాళ్ల కోసం పెద్ద జట్లు క్యూ కట్టలేదు. ఎలైజా సారట్, ఎయిడెన్ ఫిషర్, డియాంజెలో పాండ్స్ లాంటి పేర్లు హైస్కూల్‌లో ఉన్నప్పుడు ఎవరి జాబితాల్లోనూ పైన లేవు. ఎత్తు, బరువు, అంచనాల సంస్థలు ఇచ్చే నక్షత్రాలు కాదు, నిజమైన ఆటల్లో ఏం చేశాడన్నదే అతను చూశాడు. తర్వాత కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం జట్టు నుంచి వచ్చిన క్వార్టర్‌బ్యాక్ ఫెర్నాండో మెండోజా, హైస్కూల్ చివర యేల్‌లో చేరడానికి మాట ఇచ్చిన కుర్రాడు. 2025లో దేశంలోని ఉత్తమ కాలేజీ ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ అతనికే వచ్చింది.

ఇండియానా కూడా డబ్బు ఖర్చు పెట్టింది, ఆ సంగతి దాచనక్కర లేదు. కానీ అంతకంటే ఎక్కువ పెట్టగలిగినవారు ఎందరో ఉన్నారు. వారంతా అదే అంగడిలో, అదే ఆటగాళ్ల దృశ్యాలు చూసి, వారిని వదిలేశారు. ఎవరిని తీసుకోవాలో తెలియడమే రిక్రూటింగ్.

నాలుగో మాటకు ఎక్కువ జవాబు అక్కర్లేదు. ఫిషర్‌ను తొలగించినందుకు సుమారు 7.6 కోట్ల డాలర్లు ఇవ్వవలసి రావడం సిగ్గుచేటే. ఆ సిగ్గు ఒప్పందం మీద సంతకం చేసిన పెద్దలది. కోచ్ నామమాత్రమే అయితే, అతన్ని వదిలించుకోవడానికి ఎవరైనా అంత డబ్బు ఎందుకిస్తారు? గెలుపోటములతో పని లేదన్నది అంతకంటే పెద్ద అబద్ధం. పెన్ స్టేట్ తొలగించిన జేమ్స్ ఫ్రాంక్లిన్‌కు సుమారు 4.9 కోట్లు రావలసి ఉండగా, అయిదు వారాల్లో వర్జీనియా టెక్‌లో పనికి చేరాడు, రావలసినదాన్ని 90 లక్షలకు తగ్గించుకున్నాడు.

ఇక 2026 జనవరి 19. జాతీయ ఫైనల్, మియామీ సొంత మైదానంలో. ఒకవైపు మోకాలు ఆనించని ఆ క్రిస్టోబాల్, రెండేళ్లలో జట్టును తిరిగి నిలబెట్టి ఫైనల్ దాకా తెచ్చాడు. మరోవైపు అప్పటికి ఒక్క ఆటా ఓడని ఇండియానా. చివరి క్వార్టర్‌లో ఇండియానా 17-14 ముందంజలో ఉంది. చివరి గీతకు 12 గజాల దూరంలో నాలుగో ప్రయత్నం, కావలసింది నాలుగు గజాలు. సిగ్నెటీ మొదట ఫీల్డ్ గోల్ కొట్టే బృందాన్ని పంపాడు. టైమ్‌అవుట్ తీసుకున్నాడు. మనసు మార్చుకుని దాడి జట్టును తిరిగి పంపాడు. అందరూ పాస్ అనుకునే చోట మెండోజాతోనే నడిమధ్య నుంచి పరుగు తీయించారు. అతను దెబ్బలు తిని, తిరిగి, గాలిలో చాచుకుని గీత దాటాడు. 24-14. ఆ తర్వాత మియామీ ఇంకో టచ్‌డౌన్ చేసింది. మూడు పాయింట్లతో సరిపెట్టుకుని ఉంటే అప్పుడు ఇండియానా ఒక పాయింటు వెనకబడి ఉండేది. ఆట 27-21తో ముగిసింది.