నెట్ వెయిట్ గారికి, ఒక కిరాణం దుకాణం నుంచి

మహారాజశ్రీ నెట్ వెయిట్ గారికి,

నల్లగొండ ప్రకాశం బజార్ పక్క సందులో కిరాణం నడిపే ఒక ఆడమనిషి నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమమే తెలియడం లేదు. కొన్నేళ్లుగా చూస్తున్నాను, సరుకు దించుకున్న ప్రతిసారీ మీరు ఇంకొంచెం చిక్కిపోయి వస్తున్నారు. షుగరేమో, ఒకసారి పరీక్ష చేయించుకోండి.

ఉత్తరం రాయాలంటే ముందు మీ అడ్రసు దొరకాలి కదా. దానికే పావుగంట పట్టింది. ఒక బిస్కెట్ ప్యాకెట్టు చేతిలోకి తీసుకున్నాను. ముందువైపు పాలు ఒలుకుతున్నాయి, గోధుమ కంకులు ఊగుతున్నాయి. మీరు లేరు. వెనక్కి తిప్పాను. పొడి ప్రదేశంలో ఉంచమని ఒక మూల, తిన్నాక చెత్తబుట్టలో వేయమని ఇంకో మూల ఉంది. మీరు లేరు. చివరకు అతుకు దగ్గరి మడత విప్పితే, బ్యాచ్ నంబరు పక్కన నక్కి కనబడ్డారు. నా అద్దాలకు అందలేదు. మా అబ్బాయి ఫోన్‌లో ఫొటో తీసి, వేళ్లతో లాగి పెద్దది చేసి చూపించాడు. బతికే ఉన్నారు, సంతోషం.

మీ అన్నగారు ఎం.ఆర్.పి. దర్జానే వేరు. ఐదంటే ఐదు, పదంటే పది. చిన్న ప్యాకెట్ల మీద ఆయన ఏళ్ల తరబడి మాట తప్పలేదు, హరిశ్చంద్రుడి తర్వాత ఆయనే. అన్న మాట నిలబెట్టడానికి తమ్ముడు మీరు శిబి చక్రవర్తిలా కండ కోసి తరాజులో వేస్తున్నారు. తేడా ఒక్కటే. శిబి కోసింది తన తొడ. మీరు కోసేది గిరాకి గిన్నెలోది.

మీకంటే ముందు ఈ దుకాణంలో ఉన్న ఒకాయన గురించి చెప్పాలి. ఆయన పేరు కొసరు. మా మామ కాలంలో ఇక్కడ ప్యాకెట్లు తక్కువ. కందిపప్పు, చక్కెర, పుట్నాలు అన్నీ గోనె సంచుల్లో నోరు తెరుచుకుని కూర్చునేవి. మామ తరాజు పట్టి జోకేవారు. ముల్లు నిలబడ్డాక, గిరాకి చూస్తుండగానే, ఇంకో చిటికెడు తీసి తట్టలో వేసేవారు. తట్ట కొంచెం కిందికి వంగేది. అదే కొసరు. దానికి పైసల్లేవు, లెక్క లేదు. వేయకపోతే మాత్రం గిరాకి మెట్టు దిగదు. "ఏంది సేటూ, చేతికి ఎముక మొలిచిందా?" అని అడిగేవాళ్లు. మామ నవ్వుతూ ఇంకో చిటికెడు వేసేవారు. పోయేటప్పుడు పిల్లల చేతిలో బెల్లం ముక్క పెట్టడం వేరే. అది కొసరు మీద కొసరు.

మీరొచ్చాక కొసరు పోలేదు, దారి మార్చుకుంది. అప్పుడు దుకాణంలోంచి గిరాకి సంచిలోకి పోయేది. ఇప్పుడు గిరాకి సంచిలోంచి కంపెనీ గోదాములోకి పోతోంది. ఒకసారి నాలుగు గ్రాములు, ఇంకోసారి ఏడు, ఇంకోసారి పదహారు. దీనికీ పైసల్లేవు. లెక్క మాత్రం ఎక్కడో ఎవరో పకడ్బందీగా రాసుకుంటున్నారు.

నా కాంటా మీద తూనికలు కొలతల శాఖ ముద్ర ఉంటుంది. గడువు దాటితే జరిమానా. కిలో పప్పు యాభై గ్రాములు తక్కువ జోకితే నేను దొంగను, బజార్లో తలెత్తుకోలేను. మీరు వంద గ్రాముల సబ్బును 84 చేసి, మడతలో 84 అని అచ్చు వేయించుకుంటే మాత్రం పెద్దమనిషే. నేను కూడా తలుపు వెనక పెన్సిల్‌తో "ఈ దుకాణంలో కిలో అంటే 840 గ్రాములు" అని రాసి పెట్టుకుంటే సరిపోతుందా అని ముద్ర వేయడానికి వచ్చినాయన్ని అడుగుదామనుకున్నాను. మళ్లీ ఆగిపోయాను. జోకే మనిషి జోకులు వేయకూడదు.

మీకు ఇంత స్వేచ్ఛ ఎప్పుడొచ్చిందో కూడా తెలుసుకున్నాను. 2011 నాటి ప్యాకెట్ సరుకుల నిబంధనల్లో ఒక షెడ్యూలు ఉండేది. బిస్కెట్లు, టీపొడి, వంటనూనె, ఉప్పు, సబ్బు లాంటి 19 రకాల సామాన్లను ఏయే సైజుల్లో ప్యాక్ చేయాలో అందులో రాసి ఉండేది. 2021 నవంబరులో సవరణ చేసి ఆ షెడ్యూలును ఎత్తేశారు. అంతకుముందు మీరు చిక్కలేదని కాదు. అప్పుడు ఒక మెట్టు మీంచి ఇంకో మెట్టు మీదికి దిగాల్సి వచ్చేది, ఇప్పుడు జారుడుబండ. బదులుగా వచ్చిన రూలు మంచిదే. కిలో లోపు ప్యాకెట్టయితే గ్రాముకు ఎంత, కిలో దాటితే కిలోకు ఎంత అన్నది ప్యాకెట్టు మీదే అచ్చు వేయాలి. అలా ఇప్పుడు మీ పక్కన గ్రాముకు 0.12 రూపాయలు అని ఉంటోంది. పన్నెండు పైసలు. 25 పైసల బిళ్లే 2011 జూన్ 30తో చెల్లకుండా పోయింది. ఇక పన్నెండు పైసల సంగతి ఎవరు పట్టించుకుంటారు?

నేను పట్టించుకున్నాను. రాత్రి షట్టర్ దించాక క్యాలిక్యులేటర్ ముందేసుకుని కూర్చున్నాను. పది రూపాయల వస్తువు వంద గ్రాములున్నప్పుడు గ్రాము పది పైసలు. అదే పది రూపాయలకు 84 గ్రాములైతే గ్రాము దాదాపు పన్నెండు పైసలు. తగ్గింది 16 గ్రాములే కదా అనిపిస్తుంది, కానీ గ్రాము మీద ధర పెరిగింది 19 శాతం. ఇదే 19 శాతాన్ని మీ అన్నగారి మీద వేసి పది రూపాయలను పన్నెండు చేస్తే బజారంతా నా మీదికి వచ్చేది. మీ మీద వేస్తే ఒక్కరూ రాలేదు. "సబ్బు ఈ మధ్య తొందరగా కరుగుతోంది" అని మాత్రం అన్నారు. ఒకాయన దానికి బోరు నీళ్లే కారణమన్నాడు. నల్లగొండ నీళ్ల మీద ఉన్న నిందలు చాలనట్టు మీ పాపం కూడా వాటి ఖాతాలోనే పడింది.

2025 సెప్టెంబరు 22న ఇంకో ముచ్చట జరిగింది. బిస్కెట్లు, సబ్బులు, షాంపూల మీద జీఎస్టీ 18 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. లెక్క ప్రకారం ఐదు రూపాయల బిస్కెట్ ప్యాకెట్టు 4 రూపాయల 45 పైసలు కావాలి. యాభై ఐదు పైసలు వాపసు ఇవ్వడానికి నా గల్లా పెట్టెలో చాక్లెట్లు తప్ప చిల్లర లేదు. అందుకని కంపెనీలవాళ్లు ధర అలాగే ఉంచి, ఆ మేరకు మిమ్మల్నే పెంచుతామన్నారు. న్యాయంగా చూస్తే యాభై గ్రాముల చోట 56 ఉండాలి. మీరు కొంచెం ఒళ్లు చేసిన ప్యాకెట్లు కొన్ని వచ్చాయి, కాదనను. వాటి మీద పసుపు రంగు చుక్క గీసి, దాని మధ్యలో "ఎక్స్‌ట్రా" అని ఇంత లావు అక్షరాలతో రాశారు. మడతలు విప్పనక్కర లేదు, అద్దాలు అక్కర లేదు, సందు మొదట్లోంచే కనబడుతుంది. ఇన్నేళ్లు తగ్గుతూ వచ్చినప్పుడు ఆ చుక్క గీసేవాళ్లు సెలవు మీద ఉన్నారనుకుంటాను.

మంచినూనె దగ్గర మీరు చూపించిన విద్య ఇంకా గొప్పది. నూనె నీళ్లకంటే తేలిక, కాబట్టి లీటరు నూనె 910 గ్రాముల దగ్గర తూగుతుంది. అది ప్రకృతి, దానికి మిమ్మల్ని అనను. వేడెక్కితే నూనె ఉబ్బుతుంది, అదీ ప్రకృతే. కానీ కొన్ని ప్యాకెట్ల మీద 60 డిగ్రీల వేడి దగ్గర కొలిచిన లీటరు అని రాసుకునేవాళ్లట. సోయా నూనె 21 డిగ్రీల దగ్గర లీటరుకు 919 గ్రాములుంటే, 60 డిగ్రీల దగ్గర 892 చిల్లర. అంటే పొయ్యి మీద కొలిచి, చల్లార్చి అమ్మడమన్నమాట. మా నల్లగొండ ఎండల గురించి రాష్ట్రమంతా చెప్పుకుంటుంది. మేం కూడా మే నెలలో 46 దాటితే పేపరుకెక్కుతాం. 60 డిగ్రీల ఊరు ఎక్కడుందో చెబితే దుకాణం అక్కడికే మార్చి గొడుగులు అమ్ముకుంటాను. 2022 ఆగస్టులో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ, వేడి సంగతి ఎత్తకుండా లేబుళ్లు సరిచేసుకోమని 2023 జనవరి 15 దాకా గడువిచ్చింది. అప్పటినుంచి మీరు ఎండతో పని లేకుండానే ఎండిపోవడం నేర్చుకున్నారు. ఇప్పుడు నా అరలో ఒకటి 910, ఒకటి 850, ఒకటి 800, ఒకటి 750. వరసగా నిలబెడితే ఒక్క తల్లి పిల్లలు. దేని బరువెంతో నాకే గుర్తుండక మడత విప్పి చూసుకుంటున్నాను.

మొన్న సంక్రాంతికి మా సందులో ఒకామె ఎప్పట్లాగే సకినాలకు నాలుగు ప్యాకెట్లు పట్టుకుపోయింది. సాయంత్రానికి మళ్లీ వచ్చింది. చేతులకు పిండి అలాగే ఉంది. "ఈసారి పిండి నూనె బాగా తాగుతోంది అక్కా, ఇంకోటియ్యి" అంది. ఆమె కొన్నవి 800 గ్రాములవి. పాత లెక్కతో పోలిస్తే నాలుగింటి మీద 440 గ్రాములు తక్కువ. పిండి ఏ పాపం ఎరగదు. ఆ మాట నేను చెప్పలేదు. ఐదో ప్యాకెట్టు అమ్మాను. మీ మీద ఇంత రాస్తున్న దాన్ని, నా సంగతి కూడా ఒకటి రాయాలి కదా.

ఇంకో విడ్డూరం. అచ్చంపేట, వనపర్తి, గద్వాల దిక్కు పోతే యాసంగిలో ఎటు చూసినా పల్లి చేలే. అంత పల్లి పండే చోట మేం ఇండోనేషియా, మలేషియా పామాయిల్ ఓడల కోసం చూస్తుంటాం. దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా బయటినుంచే వస్తోంది మరి. 2024 సెప్టెంబరు 14న ముడి నూనెల మీద దిగుమతి సుంకం 5.5 శాతం నుంచి 27.5 శాతానికి పెరిగింది. టీవీలో వార్త పూర్తికాకముందే హోల్‌సేల్ నుంచి ఫోనొచ్చింది, రేటు పెరిగిందని. పాత సుంకం కట్టి గోదాముల్లో పడుకున్న నూనెకు కొత్త సుంకం కబురు ఎవరు చేరవేశారో. 2025 మే చివర్లో దాన్ని 16.5 శాతానికి తగ్గించారు. ఆ కబురు మాత్రం ఓడెక్కి నిదానంగా వచ్చింది. (పెరిగిన రోజు, ఎం.ఆర్.పి. మీద నేను వదిలే మూడు రూపాయలు కూడా వదలడం మానేశాను. ఇది రెండోది. ఇక నా గురించి చెప్పను.)

మీ వంశంలో ఒళ్లు చేసినవాళ్లు ఎవరూ లేరా అంటే, ఒకరున్నారు. బియ్యం బస్తా గారు. 2022 జులై 18న, 25 కిలోల దాకా తూగే లేబుల్ బియ్యం సంచి మీద 5 శాతం జీఎస్టీ వేశారు. ఆ తర్వాత చూస్తే మా దగ్గరికొచ్చే బస్తాలు 25 నుంచి 26 కిలోలయ్యాయి. ఒక్క కిలో పెరిగితే పన్ను తప్పుతుంది. చూశారా, అవసరం పడితే మీకు పెరగడం కూడా వచ్చు. మిర్యాలగూడ మిల్లుల్లో ఆ ఒక్క కిలో పెరిగినంత వేగంగా మా పిల్లలు కూడా పెరగలేదు. రేషన్ బియ్యం ఆరు కిలోల దగ్గర నిలకడగా ఉంది. 2025 ఉగాదికి మా పక్క హుజూర్‌నగర్‌లోనే సన్నబియ్యం ఇవ్వడం మొదలుపెట్టారు, మనిషికి ఆరు. అక్కడ మడతలు లేవు.

చిప్స్ ప్యాకెట్ల గురించి రాయను. అందులో ఉన్నది మామూలు గాలి కాదు, కరకరలాడడానికి పెట్టే నైట్రోజన్ అని మా అబ్బాయి చదివి చెప్పాడు. సరే, కనీసం అది తాజాగా ఉంటుంది.

ఇంతకీ ఈ ఉత్తరం రాయడానికి కారణం పానగల్ నుంచి వచ్చే ఒక అవ్వ. మామ కాలం నాటి గిరాకి. వారానికోసారి వచ్చి పావుకిలో చక్కెర, టీపొడి, ఒక బిస్కెట్ ప్యాకెట్టు తీసుకుంటుంది. డబ్బులిచ్చాక కదలకుండా అరచెయ్యి చాపి నిలబడుతుంది. కొసరు కోసం. "అవ్వా, ఇప్పుడన్నీ ప్యాకెట్లు కదా, కొసరెక్కడిది?" అని ఒకసారి అన్నాను. ఆమె బిస్కెట్ ప్యాకెట్టు చేతిలో ఎగరేసి చూసింది. "మీ మామ జోకితే తట్ట వంగేది బిడ్డా. ఇదేంది, ఇది ఎగిరిపోయేటట్టుంది" అంది. కాంటా లేకుండానే పట్టేసింది. మడత విప్పలేదు, ఫొటో తీయలేదు. నేను పుట్నాల డబ్బా మూత తీసి పిడికెడు ఆమె చేతిలో పోశాను.

అప్పటినుంచి ఎవరైనా చెయ్యి చాపితే పోస్తున్నాను. మీరు ప్యాకెట్లోంచి తీసిన కొసరు నా పుట్నాల డబ్బాలోంచి పోతోంది. అందుకే మా ఖాతా పుస్తకంలో మీ పేరు మీద ఉద్దెర పద్దు తెరిచాను. అవ్వకు వారానికో పిడికెడు. సకినాలామెకు మర్నాడు ఇచ్చిన పావుకిలో బెల్లం, అది నా తప్పుకు సగం, మీ తప్పుకు సగం, కాబట్టి నూటపాతిక గ్రాములే రాశాను. బడి పిల్లలకు పుట్నాలు, వీటిని జోకలేదు, అంచనా మీద వేశాను. మీలాగా మడతలో కాదు, పేజీ నడిమధ్యన, నీలం పెన్నుతో రాశాను. ఎప్పుడైనా వచ్చి చూసుకోవచ్చు.

గోడ మీద "అప్పు రేపు" అని బోర్డుంది. అది మీకు వర్తించదు. మీ ఉద్దెర నెల నెలా ఒకటో తారీఖున వసూలు చేస్తాను. వచ్చేటప్పుడు చిల్లర తెచ్చుకోండి, గ్రాములిస్తామంటే తీసుకోను.

ఇట్లు,
కాంటా మీద ముద్ర ఉన్న మీ విధేయురాలు